బాబాయి నంబరు

ఆ రోజుల్లో కంప్యూటరు తెరుచుకునేలోపు మనిషి ఓ టీ తాగి, పక్కవాడి యోగక్షేమాలు కనుక్కుని, లోకం మీద కాస్త కోపం కూడా తెచ్చుకోగలిగేంత తీరిక ఉండేది. ఇప్పుడు ఆ తీరికా లేదు, ఆ కోపంలో రుచీ లేదు. మన సరిహద్దు అవతలి కిరండూల్లో, ఇనుప రాయి తవ్వే గని తాలూకు ఆఫీసులో, కంప్యూటర్ల గదిలో నేను ట్రైనీగా చేరిన కొత్తల మాట ఇది. మా నాన్న విశాఖపట్నం వైపు రాయి మోసుకెళ్లే గూడ్సుకి గార్డు. ఊరంతా ఎర్ర దుమ్ము. తెల్ల చుడీదారు కొనుక్కోవాలన్న కోరిక నాకు అక్కడే పుట్టి అక్కడే పోయింది (ఇప్పుడు బీరువాలో బోలెడున్నాయి, వేసుకోబుద్ధి కాదు).

నాకు పని నేర్పింది బాబాయి. నాన్నకి స్నేహితుడు, బొబ్బిలి వైపు మనిషి, ఆఫీసు మొత్తానికి కంప్యూటరు తీగలు లాగింది ఆయనే. తీగలో పోయే సమాచారాన్ని పట్టి వరసలు వరసలుగా తెర మీద చూపించే సాఫ్ట్‌వేరు ఒకటి నా ముందు పెట్టి, "యార్డులో గూడ్సు ఆగిపోనాదనుకో, ఇంజన్ని తిడితే ఏటొస్తాదే? ఎవులు ఎవుల్ని పిలస్తన్నారో, ఎవులు పలకట్నేదో ముందు చూడు" అనేవాడు. నేను భక్తిగా తల ఊపేదాన్ని. బుర్రకెక్కింది మాత్రం సున్నా. ఆయన కంప్యూటర్లో ఒక ఫోల్డరు నిండా పాత పాటలుండేవి, తెలుగువీ హిందీవీ అక్కడివాళ్ల హల్బీ భాషవీ. పొద్దున్నే ఆఫీసులో ప్రతి కంప్యూటరూ తెరుచుకుంటూనే దానంతటదే ఆ ఫోల్డరుకి కలిసేలా ఆయనే ఏర్పాటు చేశాడు. రిటైరై రైలెక్కుతూ ఆ పాటల సీడీల డబ్బా నా చేతిలో పెట్టి, "దాసుకో" అన్నాడు. రైలు మలుపు తిరిగేదాకా నవ్వుతూ చెయ్యూపి, ఆ తర్వాత ప్లాట్‌ఫాం మీదే ఏడ్చాను.

ఆయన కంప్యూటర్ని స్టోరుకి పంపేశారు. అది మొదలు ఆఫీసులో ఏ కంప్యూటరు తెరిచినా నెమరేసే గేదెలా కూర్చునేది, కదిలేది కాదు. మా సారు రాయ్‌పూర్ ఆయన. నన్ను పిలిచి వచ్చీరాని తెలుగులో, "దేఖో బేటీ, శనివారం దాకా చూస్తాను. తర్వాత బయటివాళ్లొచ్చి ఈ పురానా వైరింగ్ అంతా పీకేస్తారు. నీకు కూడా ఛుట్టీ" అన్నారు. ఉద్యోగం పోతుందన్న భయం ఒక ఎత్తు, బాబాయి లాగిన తీగల్ని ఎవరో పీకి మూల పడేస్తారన్న బాధ ఒక ఎత్తు.

ధైర్యం చేసి ఆ సాఫ్ట్‌వేరు తెరిచాను. గంట గడవకుండానే నేను తీగలోంచి అందరి మాటలూ వింటున్నానని ఆఫీసంతా పుకారు పాకిపోయింది. కోంట వైపు నుంచి వచ్చిన గుమాస్తా ఒకాయన ఉండేవాడు, అందరికీ కోంటన్న. ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "ఏంది చెల్లె, మేం మాట్లాడుకునేదంతా నీకు ఇనబడుతున్నదంట? నేను సారు మీద అన్నది గీడ చెప్పకు తల్లీ" అన్నాడు. ఆయన సారుని ఏమన్నాడో నాకు ఆ క్షణం దాకా తెలియనే తెలియదు. ఆ భయానికి అంతా క్రికెట్ స్కోర్లు చూడటం మానేశారు, మధ్యాహ్నం నెట్‌వర్కు పరుగో పరుగు. నా ప్రతిభేననుకుని పొంగిపోయాను. మర్నాడు పొద్దున మళ్లీ గేదె కథే.

అప్పుడు గుర్తొచ్చింది బాబాయి మాట, ఎవరు పలకట్లేదో చూడమన్నది. వరసల్ని నెమ్మదిగా చదివాను. ప్రతి కంప్యూటరూ నిద్ర లేస్తూనే ఒకే ప్రశ్న అడుగుతోంది: ఈ నంబరు ఎవరిది, నాకు చెప్పండి. జవాబు లేదు. కాసేపు ఆగి మళ్లీ అదే ప్రశ్న. ఆ నంబరు బాబాయి కంప్యూటరుది. పాటల కోసం ఆఫీసు ఆఫీసంతా పొద్దున్నే ఆయన్ని పిలిచి, ఎదురుచూసి, విసిగి, అప్పుడు గానీ పనిలోకి దిగడం లేదు. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే కళ్లలో నీళ్లూ వచ్చాయి.

ప్రతి కంప్యూటర్లోనూ ఆ లంకె తీసేస్తే సరిపోయేది. కోంటన్న బల్ల దగ్గరే మొదలెట్టబోయాను. "ఉండనీ చెల్లె. ఆ పెద్దమనిషి గురుతు గదొక్కటే ఉన్నది" అని కీబోర్డు మీద చెయ్యి పెట్టేశాడు. వెనక్కి వచ్చి కూర్చున్నాను. డబ్బాలోని పాటలన్నీ నా కంప్యూటర్లోకి ఎక్కించి, దానికి బాబాయి కంప్యూటరు పేరూ నంబరూ పెట్టాను.

శనివారం పొద్దున అన్నీ ఠక్కున తెరుచుకున్నాయి. ఎక్కడో మూల బల్ల మీద పాట మొదలైంది. సారు కాసేపు విని, "రహనే దో, ఉండనీ" అని లోపలికి వెళ్లిపోయారు. తీగలూ ఉన్నాయి, నేనూ ఉన్నాను. సంగతి తెలిసి బాబాయి ఫోను చేశాడు. "ఏటే, నా నంబరు నువ్వెట్టుకున్నావంట?" అంటే, "అందరూ పిలుస్తుంటే ఎవరో ఒకరు పలకాలి కదా బాబాయ్" అన్నాను. ఆయన "పాటలు బాగా వినబడతన్నాయా?" అని మాత్రం అడిగాడు.

బాబాయి ఇప్పుడు లేడు. నేను హైదరాబాదులో పెద్ద గాజు మేడలో అదే పని చేస్తున్నాను. అప్పుడప్పుడు తెర మీద, ఎప్పుడో తీసేసిన ఏదో కంప్యూటరు కోసం ఇంకోటి అడుగుతూనే ఉంటుంది: ఈ నంబరు ఎవరిది, నాకు చెప్పండి. మొన్న నా నోటి వెంట "ఇక్కడే ఉన్నాను" అని వచ్చేసింది. పక్క సీటు అమ్మాయి ఉలిక్కిపడి, "నన్నా మేడమ్?" అంది. "కాదమ్మా, కిరండూల్ నుంచి ఎవరో పిలిస్తేనూ" అన్నాను.