కల్వర్టు దగ్గర నాలుగో రాయి

ఒట్టు పెట్టుకోవడం మా ఇంట్లో తప్పు. చిన్నప్పుడు ఒకసారి ‘అమ్మతోడు’ అన్నందుకే మా నాన్న చెంప పగలగొట్టాడు. అందుకని ఒట్టు లేకుండానే చెబుతున్నాను. ఇది జరిగింది. నాకే జరిగింది. నేను తాగను... ఆ రాత్రి నిద్రమత్తు కూడా లేదు. దయ్యాలంటే నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో మాత్రం నవ్వొద్దు.

నా పేరు జాన్‌బాబు. పాల్వంచలో ప్లాంటు ఫిట్టర్ని. నా పని ఏమిటో తెలుసా? కూలింగ్ ఫ్యాన్లు. టవరు మీద ఒక్కో ఫ్యాను ఒక గదంత ఉంటుంది. అవి ఆగకుండా చూడటమే నా ఉద్యోగం. అలాంటివాడి బండికి అరచేయంత ఫ్యాను ఆగిపోయి, వాడు అర్ధరాత్రి అడవిలో పడ్డాడంటే... చెప్పుకుంటే సిగ్గుచేటు. అయినా చెబుతున్నాను.

పోయిన ఏడాది మే నెల. రాత్రి సెకండ్ షిఫ్టు దిగి, ఇంటికి వచ్చి, అన్నం ముందు కూర్చున్నాను. ఫోన్ మోగింది. మా చెల్లెలు సలోమి భర్త, ప్రసాద్. సలోమికి సాయంత్రమే భద్రాచలం ఆసుపత్రిలో కాన్పయింది. ఆడపిల్ల. ఆ సంతోషం ఇంకా గొంతు దిగనే లేదు...

“బావా... రక్తం ఆగుతలేదు. ఒక్క సీసా ఉంటే ఎక్కించిండ్రు. ఇంకోటి లేదంటున్నరు. నీదీ ఆమెదీ ఒక్కటే గ్రూపు గద. జల్దీ రా బావా.”

“వస్తున్న. గంటల ఆడ ఉంట. నువ్వు ఆమె కాడనే ఉండు.”

ఓ నెగెటివ్. మా ఇంట్లో మా ఇద్దరిదే ఆ గ్రూపు. అన్నంలో చేయి కడిగేశాను. మా అమ్మకు పూర్తిగా చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు. బండి తీశాను.

బండి గురించి రెండు ముక్కలు చెప్పాలి. సెకండ్ హ్యాండులో కొన్నాను. ఇంజన్ ముందు రేడియేటరు, దాని వెనక చిన్న ఫ్యాను ఉండే రకం. వేడెక్కితే ఫ్యాను దానంతటదే తిరగాలి. మా వైపు అందరూ ఏం చేస్తారంటే, లెగ్ గార్డుకు అడ్డంగా రెక్సిన్ గుడ్డ కట్టేస్తారు. బురద, బూడిద కాళ్ల మీద పడకుండా. పాత బండ్లకు పరవాలేదు. ఈ బండికి ఆ గుడ్డ కట్టడమంటే ముక్కు మూయడమే. ఆ సంగతి నాకు తెలుసు. అయినా వానాకాలంలో కట్టింది ఎండాకాలం వచ్చినా విప్పలేదు. రేపు విప్పుదాం, ఎల్లుండి విప్పుదాం...

ఊరు దాటి కొంత దూరం పోయేసరికి మెయిన్ రోడ్డు మీద ఇసుక లారీ అడ్డం తిరిగి పడి ఉంది. రెండు పక్కలా బండ్లు. సైకిలు కూడా దూరే సందు లేదు. నేను ఎడమకు, అడవిలోంచి పోయే లోపలి రోడ్డుకు తిప్పాను. ఐదారు కిలోమీటర్లు చుట్టు, కానీ ఆగకుండా పోవచ్చు. తెలిసిన దారే. పగటి పూట తెలిసిన దారి.

వెన్నెల ఉంది. చెట్ల కింద మాత్రం మసక. గాలి బొత్తిగా లేదు. అంత రాత్రప్పుడు కూడా రోడ్డు సెగ కక్కుతోంది. గతుకుల్లో సెకండ్ గేరు, థర్డ్ గేరు... అంతకు మించి పోనివ్వదు. మీటరులో వేడి చూపించే గీతలు ఒక్కొక్కటే పెరుగుతున్నాయి. నాలుగు... ఐదు... ఎర్ర లైటు వెలిగింది. కాలుతున్న వాసన. ఒక కల్వర్టు మీద ఇంజన్ తనంతట తనే ఆగిపోయింది.

పై ప్రాణాలు పైనే పోయాయి. ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు.

బండిని దింపడానికి పక్కన జాగా లేదు. తారు అంచు దాటితే లోతు. సగం బండి రోడ్డు మీదే ఉంది. అందుకని అందరూ చేసే పనే నేనూ చేశాను. వెనక పదిహేను అడుగుల దూరంలో మోదుగ కొమ్మలు విరిచి పడేశాను. అవి ఎగిరిపోకుండా, ఎవరికైనా కనబడేలా, కల్వర్టు కింది నుంచి నాలుగు రాళ్లు తెచ్చి పెట్టాను. మూడు మామూలువి. నాలుగోది పెద్దది. ఎత్తలేక, దొర్లించుకుంటూ తెచ్చాను. చేతులు గీసుకుపోయాయి.

ఇక బండి. మొదట ఆ రెక్సిన్ గుడ్డను కత్తితో కోసి పారేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. తర్వాత సెల్‌ఫోన్ లైటు నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటీ చూశాను. కూలెంట్ డబ్బాలో నీళ్లు ఉన్నాయి. ఫ్యూజు బాగుంది. పుల్లతో పొడిస్తే ఫ్యాను రెక్క ఫ్రీగా తిరుగుతోంది. అంటే రెక్కకు అడ్డం లేదు... కరెంటు రావడం లేదు. సంచిలో వైరు ముక్క ఉంది. ఫ్యాను వైరు కోసి, బ్యాటరీకి డైరెక్టుగా కలిపాను. చిన్న నిప్పురవ్వ... జుయ్‌మని తిరిగింది! మోటారు బాగుంది, మధ్యలో ఎక్కడో పోయింది. అదెక్కడో వెతికే టైము లేదు. టేపు గట్టిగా చుట్టాను. ఇక తాళం తీసినా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. తిరగనీ.

ఇరవై నిమిషాలు ఆగాను. ఆ ఇరవై నిమిషాలు నేను చేసిన ప్రార్థన ఎవరికీ చెప్పను. గీతలు మూడుకు దిగాయి. బండి స్టార్టయింది. ఎక్కాను. వెనక్కి చూడకుండా పోయాను.

రెండు వందల గజాలు కూడా పోలేదు.

మూడు గీతలున్న మీటరు... ఒక్కసారిగా నిండిపోయింది. ఎర్ర లైటు. ఆపాను. చెవి పెట్టి విన్నాను. ఫ్యాను శబ్దం లేదు. టేపు ఊడలేదు. వైరు లాగి చూశాను, గట్టిగా ఉంది. విప్పి బ్యాటరీకి తాకించాను. నిప్పురవ్వ వచ్చింది. ఫ్యాను తిరగలేదు. పుల్లతో తోశాను. రెక్క ఫ్రీగా తిరిగింది... ఆగింది. పదిహేనేళ్లుగా ఫ్యాన్లతో బతుకుతున్నాను. కరెంటు ఉండి, మోటారు బాగుండి, రెక్క ఫ్రీగా ఉండి తిరగని ఫ్యానును నేను చూడలేదు. వైరును మళ్లీ కలిపి, టేపు చుట్టాను. తిరగలేదు.

అప్పుడు వినిపించింది.

గర్ర్...

ఆగింది.

గర్ర్ర్...

వెనక నుంచి. కల్వర్టు వైపు నుంచి. తారు మీద రాయిని ఈడుస్తున్న చప్పుడు. అడవి పందేమో అనుకున్నాను. ఎలుగేమో అనుకున్నాను. కానీ జంతువు ఈడిస్తే అలా ఉండదు. ఈ చప్పుడుకు ఒక వరస ఉంది. కొంచెం ఈడవడం... ఊపిరి తీసుకోవడం... మళ్లీ ఈడవడం. బరువు పని చేసే మనిషి పద్ధతి అది.

“ఎవరదీ?” అని అరిచాను.

చప్పుడు ఆగిపోయింది. పురుగు కూడా అరవడం లేదు.

అప్పుడు తట్టింది నాకు. రాళ్లు! నేను పెట్టిన రాళ్లు నడిరోడ్డు మీదే ఉన్నాయి. బండి బాగవగానే రాళ్లు తీయకుండా పోయిన లారీవాళ్లను ఎన్నిసార్లు తిట్టి ఉంటాను! రాత్రి పూట ఆ రాళ్లకు కొట్టుకుని పళ్లు రాలగొట్టుకున్న వాళ్లు మా ప్లాంటు వర్క్‌షాపులోనే ఇద్దరున్నారు. ఇవాళ నేనూ అదే పని చేశాను.

అబద్ధం చెప్పను. వెంటనే వెనక్కి పోలేదు. బటన్ నొక్కాను. ఇంజన్ స్టార్టయింది. ఫ్యాను లేకపోయినా ఆగుతూ ఆగుతూ ఎలాగో పోవచ్చు. అక్కడ నా చెల్లెలు... ఒక్కో నిమిషం ఆమె ఒంట్లోంచి పోతోంది. ఎవడి రాళ్లు, ఎవడి రోడ్డు! గేరు కూడా వేశాను.

గర్ర్...

ఈసారి చాలా నెమ్మదిగా. చేతకానట్టు.

ఈ రోడ్డున ఈ వేళప్పుడు ఎవడొస్తాడు? నాలాంటి వాడే వస్తాడు. సరదాకి రాడు. వాడికీ అక్కడ ఒక సలోమి ఉంటుంది. ఆ మాట మనసులోకి వచ్చాక క్లచ్ వదలలేకపోయాను. ఇంజన్ ఆపి, నడిచాను. పరిగెత్తానని చెబితే బాగుంటుంది గానీ, పరిగెత్తలేదు.

కల్వర్టు దగ్గర ఎవరూ లేరు.

కొమ్మలు రోడ్డు మీద లేవు. పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మూడు రాళ్లు కల్వర్టు గోడకు ఆనించి వరసగా ఉన్నాయి. తారు మీద తెల్లటి గీతలు... మూడు. అంచున మెత్తటి దుమ్ము ఉంది. లైటు వేసి చూశాను. నా కంపెనీ బూట్ల గుర్తులు తప్ప ఇంకో అడుగు లేదు.

నాలుగో రాయి రోడ్డు మధ్యలోనే ఉంది.

వంగాను. చేయి పెట్టాను... చల్లగా ఉంది. మే నెలలో, రోడ్డు కాలుతున్న రాత్రి, ఆ రాయి బావి నీళ్లలోంచి తీసినంత చల్లగా ఉంది. గంట కింద దాన్ని ఒక్క అంగుళం ఎత్తలేకపోయానని చెప్పాను కదా. దొర్లిద్దామని రెండు చేతులూ కిందికి పెట్టాను...

అవతలి అంచు ముందే లేచింది.

నేనింకా బలం పెట్టలేదు. వినండి... నేనింకా బలం పెట్టనే లేదు. అవతలి వైపు లేచింది, నెమ్మదిగా, నాకు దెబ్బ తగలకుండా. షాపులో ఇద్దరం మోటారు మోసేటప్పుడు అవతలి మనిషి సర్దుకుని ఎత్తుతాడే, అలాగే. నేను తల ఎత్తలేదు. రాయినే చూస్తున్నాను. నా రెండు చేతులు కనబడుతున్నాయి. అంతే. నాలుగడుగులు పక్కకు నడిచాను. ఆ నాలుగడుగులూ నాతో పాటు ఎవరో ఊపిరి బిగబట్టి నడిచారు. గోడ దగ్గర దించాం. దించాను అనాలి. నోటికి దించాం అనే వస్తుంది.

భయం వేసిందా అంటే, వేసింది. ఒళ్లంతా చెమట. కానీ ఎందుకో ఏడుపు కూడా వచ్చింది. ఎవరో నా కష్టం చూసి జాలిపడినట్టు అనిపించింది.

అంతలో దూరంగా... రెండు వందల గజాల అవతల... నిశ్శబ్దంలో సన్నగా...

జుయ్య్...

బండి దగ్గర ఎవరూ లేరు. ఇందాక నేను ఏం చేసినా తిరగనిది... ఫ్యాను తిరుగుతోంది.

తర్వాత అది ఆగలేదు. సారపాక లైట్లు, గోదావరి బ్రిడ్జి, ఆసుపత్రి గేటు... ఏవీ సరిగా గుర్తులేవు. ప్రసాద్ మెట్ల మీదే నిలబడి ఉన్నాడు. నన్ను లోపలికి లాక్కుపోయాడు. పరీక్షలు చేసి రక్తం తీసుకున్నారు. నర్సమ్మ నా చేతులు చూసి, “ఏంది బ్రదర్, గిట్ల గీరుకపోయినయ్? పడ్డవా?” అని అడిగింది. లేదమ్మా అన్నాను.

సీసా లోపలికి పోయింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. తెల్లవారుతుండగా ఒక ఆటో వచ్చి ఆగింది. నడిపేది ఇరవై రెండేళ్ల కుర్రాడు. వెనక అతని భార్య, ఆమె ఒళ్లో మూడేళ్ల పిల్లవాడు. జ్వరం, ఫిట్స్. వాళ్లను లోపలికి పంపి, అతను నా పక్కన కూలబడ్డాడు.

“ఎటు నుంచి తమ్మీ?” అన్నాను.

అడవి లోపలి ఊరి పేరు చెప్పాడు. నేను వచ్చిన దారే. అప్పుడు ఆటో వైపు చూశాను. దాని హెడ్‌లైటు ఉండాల్సిన చోట బొక్క ఉంది.

“లైటు లేదు గదా. ఎట్లొచ్చినవ్?”

“వెన్నెల్ల వచ్చిన అన్నా. బుగులైంది గని, పోరడు కండ్లు తేలేసిండు. ఫుల్ స్పీడు కొట్టుకుంట వచ్చిన.”

“కల్వర్టు కాడ... రోడ్డు మీద ఎవరన్న కనబడ్డరా?”

“ఎవ్వరు లేరన్నా. రోడ్డు సాఫ్ ఉన్నది.”

ఎనిమిదింటికి డాక్టరమ్మ బయటికి వచ్చి, రక్తం ఆగింది, గండం గడిచింది అంది. ప్రసాద్ నన్ను పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కుర్రాడి కొడుకు కూడా మధ్యాహ్నానికి కళ్లు తెరిచాడు.

ఆ కల్వర్టు గురించి తర్వాత వాకబు చేశాను. అక్కడ ఎవరూ చనిపోలేదట. ఏ కథా లేదు. తునికాకు ఎండబెట్టే కల్లం దగ్గర కావలి పడుకున్న వాళ్లెవరో తీసుంటారు అన్నాడు మా ఫోర్మన్. కావచ్చు. మరి పిలిస్తే పలకరా? దుమ్ములో అడుగు పడదా? ఫ్యాను సంగతేమో లూజ్ కాంటాక్ట్ అన్నాడు. అదీ కావచ్చు. నేనే చుట్టిన టేపు, లూజు ఉందని నేను ఒప్పుకోను.

మూడో రోజు సలోమి లేచి కూర్చుంది. పాపను నా ఒళ్లో పెట్టింది. ఎవరికీ చెప్పనిది ఆమెకు మొత్తం చెప్పాను. భయపడుతుందనుకున్నాను. పాలిపోయిన ముఖంతో సాంతం విన్నది.

“అన్నా... వాళ్లకు తీస్తానికి చేతగాక ఇడ్సిపెట్టిండ్రనుకుంటున్నవా ఆ ఒక్క రాయి?”

“మరి?”

“నువ్వు తొందర్ల ఉన్నవని మూడు వాళ్లే తీసిండ్రు. అది నీ వంతుకు ఉంచిండ్రు. నువ్వు తియ్యకుండ వచ్చి, నేను బతికి, ఆ పోరనికి ఏమన్న అయితే... నువ్వు బతుకుదువా అన్నా?”

నాకు తెలియదు. ఆమె అన్నదే నిజమా, ఫోర్మన్ అన్నదే నిజమా, ఇప్పటికీ తెలియదు. ఆ రాత్రి తల ఎత్తి ఎదురుగా ఒక్కసారి చూసి ఉంటే తెలిసేది. చూడలేదు.