మందు వెయ్యని బెల్లం

మా నాయన బెల్లం వండుతాడు. ఐరాల పక్కన మాది చెరకు పండించే ఇల్లు. చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక మా చెరకుకు గానుగ తప్ప దిక్కు లేదు. గానుగ ఆడే రోజుల్లో మా ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. పాకం పెనం దించే వేళకు పిల్లలు మోదుగాకులు పట్టుకుని వస్తారు. ఎవరి బిడ్డ అని అడక్కుండా అందరి ఆకుల్లోనూ వేడి బెల్లం వెయ్యాలి. పిల్లల్ని వట్టి చేతులతో పంపితే పాకం కుదరదని నాయన నమ్మకం. నమ్మకమో, ఇష్టమో. ఆయన మనసారా నవ్వేది ఆ ఒక్క పూటే.

బెల్లం రంగు తేలాలని పాకంలో ఒక తెల్లమందు వేస్తారు. అందరూ వేస్తారు, మేమూ వేసేవాళ్లం. నేను కడుపుతో పుట్టింటికి వచ్చిన ఏడు, ఆస్పత్రి నర్సమ్మ నా కనురెప్ప కిందికి లాగి చూసి, "రక్తం బొత్తిగా లేదు. బెల్లం తిను, చెనిక్కాయలు తిను" అంది. ఆ వారంలోనే వ్యవసాయ శాఖ సారు ఊరికొచ్చి, మందు వేసిన బెల్లం ఒంటికి చేటని పాల కేంద్రం దగ్గర అందరికీ చెప్పాడు. ఆ రెండు శాఖలూ ఒకదాని మాట ఇంకొకటి వినలేదు గానీ, మా నాయన ఇద్దరి మాటా విన్నాడు. అదే ఆయన చేసిన తప్పు.

"నా బిడ్డ తినేదే ఊరికీ అమ్ముతాను. ఇంక మందు ఎయ్యను" అన్నాడు.

మందు వెయ్యకపోతే బెల్లం నల్లగా వస్తుంది. వచ్చింది. నేను రోజూ తిన్నాను, అంత రుచి మళ్లీ ఎరగను. మిగతాది ఆటోకెత్తి చిత్తూరు మండీకి బయల్దేరితే, దారిలో సారా పట్టుకునే శాఖ వాళ్లు ఆపారు. నల్లబెల్లం సారా కాచడానికే పోతుందని వాళ్ల లెక్క. బెల్లం దించేసుకుని నాయన మీద కేసు రాశారు. కాచేవాడు దొరక్కపోతే వండేవాణ్ని పట్టారు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

మరునాడు ఆ కడుపుతోనే నేనూ వాళ్ల ఆఫీసుకు వెళ్లాను. నాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తినేదానికే సార్. సూడండి, నా కూతురు తింటాండాది."

అధికారి నాకు కుర్చీ వేయించాడు. చెడ్డవాడు కాదు. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది.

"నిజమే అయ్యుండొచ్చు పెద్దాయనా. మందు సంగతి వేరే శాఖది. నల్లగా ఉంటే పట్టుకోమని మాకు చెప్పినారు."

వ్యవసాయ శాఖ సారు దగ్గరికి పోతే, కేసులు తన చేతిలో లేవన్నాడు. ఎవరికి వారే యమునా తీరే. జీతాలు మాత్రం అందరికీ ఒకే సర్కారు ఇస్తుంది. మా బెల్లం సారా శాఖ ఆఫీసు వెనక రేకుల కింద వానకు తడిసి కరిగిపోయింది. అది చూసొచ్చిన రోజు నాయన అన్నం ముట్టలేదు.

నా కూతురు ఇప్పుడు పరుగులు పెడుతోంది. దానికీ రక్తం తక్కువగా ఉందని, బెల్లం పెట్టమని అంగన్‌వాడీలో చెప్పారు. మొన్న గానుగ దగ్గర నాయన మళ్లీ మందు పొట్లం తీస్తుంటే బతిమాలాను.

"మన ఇంటికి మటుకు ఒక పెనం మందు లేకుండా వండు నాయనా."

"కేసు ఇంకా నడస్తాండాదమ్మా. ఇంట్లో నల్లబెల్లం ముద్ద దొరికినా నన్ను సారాయోడనే అంటారు."

నా వైపు చూడకుండానే పాకంలో తెల్లమందు చల్లాడు. మండీ వాళ్లు మెచ్చే పసుపు రంగు వచ్చేసింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన్ని ఏమని తిట్టను?

అంతలో పిల్లలు ఆకులు పట్టుకుని వచ్చారు. అందరికంటే ముందు నా కూతురు. నాయన గరిటె ఎత్తలేదు. దాని చేతిలోని ఆకు మెల్లగా తీసుకుని పొయ్యిలో వేశాడు.

"ఇండ్లకు పోండి బిడ్డా. ఇది తినేదానికి కాదు, అమ్మేదానికి" అన్నాడు.