వద్దన్నా పోసిన కల్లు

నాకు కోపం ముందు, తెలివి వెనక. కోరుట్లలో మా వాడంతా ఎరిగిన సంగతే అది.

మా ఆయన దుబాయ్ నుంచి తిరిగొచ్చిన రెండో ఏడు ఆయనకు అన్నం సయించడం మానేసింది. వాంతి వస్తోందని రోజూ తాగే కల్లు కూడా వదిలేశాడు. నాలుగు రోజులకు మనిషే మారిపోయాడు. పగలంతా మగత. చేతులు చాపితే మణికట్ల దగ్గర టపటపా కిందికి జారిపోయేవి, చాయ్ గ్లాసు నిలిచేది కాదు. ఓ పొద్దున నేను బీడీలు చుడుతుంటే, నా చేటలోని తునికాకు తీసి నమలబోయాడు. "క్యాంపు బస్సు అచ్చిందా?" అని, ఇంకా దుబాయ్‌లోనే ఉన్నట్టు నన్నే అడిగాడు.

మా దగ్గర కల్లు అలవాటున్నవాళ్లు ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, పిచ్చిమాటలు మాట్లాడడం అందరం చూసిందే. నాతో బీడీలు చుట్టే పక్కింటి అక్క తేల్చేసింది. "గిది కల్లు లేని పిచ్చే పొల్లా. ఒక్క సీసా పొయ్యి, మంచిగైతడు."

దవాఖానా ఊసే నాకు తట్టలేదు. దుకాణానికి నేనే పోయి సీసా తెచ్చాను.

"అద్దే... కడుపుల తిప్పుతున్నది," అన్నాడు.

"ఇన్నేండ్లు అద్దంటే తాగినవు, ఇయ్యాల తాగుమంటే అద్దా?" అని తల వెనక్కి పట్టి పోశాను. సగం చొక్కా మీద పడింది. సిగ్గులేనిదాన్ని, చెంప మీద ఒక్కటి కొట్టాను కూడా.

మధ్యాహ్నానికి ఫిట్స్ వచ్చాయి. అంబులెన్స్‌లో జగిత్యాల తీసుకెళ్లాం. కిడ్నీలు పాడైపోయాయని, మూత్రంలో పోవాల్సిన విషం రక్తంలో నిలిచి మెదడుకెక్కిందని డాక్టరమ్మ చెప్పింది. చేతులు జారడం, మతి తప్పడం అన్నీ దానివల్లేనట. కల్లు సంగతి అడిగితే తాగాడని మాత్రమే చెప్పాను.

మూడుసార్లు డయాలసిస్ అయ్యాక ఆయన నన్ను గుర్తుపట్టాడు. ఆ రోజే సిరిసిల్ల నుంచి ఆడబిడ్డ వచ్చి, తాగిన సంగతి విని అన్న మీద విరుచుకుపడింది. "గింత రోగం పెట్టుకొని కల్లెందుకు తాగినవన్నా?"

ఆయన నా వైపు చూశాడు. అన్నీ గుర్తున్నాయని ఆ చూపులోనే తెలిసింది నాకు.

"నేనే తెచ్చుకొని తాగిన చెల్లె. మీ వదినె అద్దన్నా ఇనలే."

ఆడబిడ్డ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "నీ అసొంటి వదినె ఉన్నది గన్కనే మా అన్న బతికిండు."

నేను తల ఊపాను. ఇప్పటికీ ఆమె నలుగురిలో అదే మాట చెబుతుంది. నేను పక్కనే కూర్చుని వింటాను.