సగం బెంచీ ఖాళీ పెట్టమన్న సిస్టరమ్మ

జూలై ఆఖరి బుధవారం. పొద్దున్నుంచి సన్న తుంపర, ఎండ జాడ లేదు. వార్నిష్ పూసిన కాయిల్ ఎంతకీ ఆరకపోతే షాపులో బల్బు కింద వేలాడదీశాను. చేతులు తుడుచుకుంటుండగా కృష్ణగిరి సిస్టర్ల బడి వాచ్‌మన్ ఫోన్ చేశాడు.

"ఒకటో క్లాసు సిస్టరమ్మ పోయినారప్పా. తెల్లారుజామున, నిద్రలోనే."

"మొన్నే కదా నీళ్ళ మోటారు శబ్దం చేస్తాదని నన్ను పిలిచింది?" అన్నాను. ఆ సమయంలో అనాల్సిన మాట అది కాదు. నోటికి అదే వచ్చింది.

"ఆ మోటారు ఇంకా అట్లే అరుస్తాండాది," అన్నాడు వాచ్‌మన్.

గురుబరపల్లి రోడ్డు మీద మోటార్లకు కాయిల్ చుట్టే షాపు నాది. బడి మోటారు విప్పి షాపుకు తెచ్చుకుంటే ఒక్క రోజు పని. "విప్పుకొని పోతే పిల్లోళ్ళకు నీళ్ళు యాడివి? ఈడే చెయ్యి," అంది సిస్టరమ్మ. ఈడ కాదు అన్నాను. అయితే బడి లేని రోజు, ఆదివారం రమ్మంది. ఆదివారం సామాన్లు మోసుకొని వెళితే, ఆదివారం పని చేయకూడదని నాకు గుర్తు చేసి, కాఫీ ఇచ్చి పంపింది. ఇట్లాంటి మనిషితో ఎవరు వేగగలరు?

పోయినవాళ్ళ గురించి మంచి మాటలే రాయాలంటారు. నేను రాసేవీ మంచి మాటలే. కాని ఆమెను తలుచుకుంటే ముందు విసుగు వస్తుంది, మిగతావన్నీ దాని తర్వాతే వస్తాయి. ఆ విసుగు తీసేసి రాస్తే అది ఇంకెవరి గురించో రాసినట్టు ఉంటుంది.

మధ్యాహ్నానికే బడి గేటుకు ఫ్లెక్సు కట్టేశారు. జ్ఞానదీపం, త్యాగమూర్తి, కరుణా సముద్రం అని తమిళంలో పెద్ద అక్షరాలు. సముద్రమేమీ కాదు. పొట్టి మనిషి, బూడిదరంగు చీర, మోకాళ్ళకు నొప్పి నూనె వాసన. ధర్మపురి వైపు తమిళ కుటుంబంలో పుట్టింది. తెలుగు మాత్రం మా వైపు తెలుగు పల్లెల నుంచి వచ్చే ఒకటో క్లాసు పిల్లల దగ్గరే నేర్చుకుంది. అందుకే అరవై దాటినా ఆమె తెలుగులో ఆరేళ్ళ పిల్లల మాటలే ఉండేవి. పెద్దవాళ్ళను కూడా ఆ మాటలతోనే గదమాయించేది.

మా పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. దాన్ని ఒకటో క్లాసులో చేర్చిన ఏడాది సంగతి చెప్తాను. నా భార్య హోసూరు ఫ్యాక్టరీ బస్సుకు చీకట్లోనే వెళ్ళిపోయేది కాబట్టి పాపను బడిలో దించే పని నాది. సిస్టరమ్మ గేటు దగ్గరే నిలబడి ఉండేది. లోపలికి వచ్చే ప్రతి పిల్లకూ చేతులు జోడించి వణక్కం చెప్పి, తిరిగి చెప్పేదాకా చూసేది. మిగతా పిల్లలు చెప్పి పరుగెత్తేవారు. మా పాప తల వంచుకొని నా ప్యాంటు పట్టుకొని నిలబడేది. వెనక స్కూలు వ్యాన్లు హారన్లు కొట్టేవి. ఒక వ్యానులోంచి డ్రైవరు తల బయటపెట్టి నన్ను తిట్టేవాడు. సిస్టరమ్మకు ఇదేమీ పట్టేది కాదు.

"చెప్తాది సిస్టరమ్మా, పిల్లకు సిగ్గు. వణక్కం," అని నేనే అనేవాణ్ణి.

"నేను అడిగింది బిడ్డనప్పా. నీకు అడ్మిషన్ కావాలంటే హెడ్ సిస్టర్ను చూడు."

ఇంకాసేపు చూసి, "సరే, రేపటికి ఉండనీ," అని పాపను లోపలికి పంపేది. ప్రతి రోజూ అదే మాట. రేపు కూడా అదే హారన్లు, అదే డ్రైవరు.

మా పాపకు మాటలు రాక కాదు. ఇంట్లో నోరు మూతపడేది కాదు. గడప దాటితే మాత్రం ఒక్క మాట లేదు. కిరాణా కొట్టు ఆయన ఒకసారి బెల్లం ముక్క చేతిలో పెట్టి పేరు అడిగాడు. అది చెప్పలేదు. "మూగబిడ్డా, పాపం?" అన్నాడు. ఆ మాట నా లోపల ముల్లులా ఉండిపోయింది. బడికి పోతే మాట్లాడుతుందని ఆశపడ్డాను.

బడిలో ఏం నేర్పారంటే, కూర్చోవడం. నేను ఎగతాళికి చెప్పడం లేదు. జూన్ పోయింది, జూలై పోయింది, ఒకటో క్లాసు పిల్లలు పెన్సిలు ముట్టలేదు. కుర్చీ శబ్దం కాకుండా జరపడం, కొళాయి కట్టేయడం, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగడం, ఉడికిన కోడిగుడ్డు పెంకు తీసి పక్కపిల్లకు సగం ఇవ్వడం. ఇవీ పాఠాలు. ప్రతి పిల్లకూ పక్కన ఒక కావలి దూత ఉంటాడనీ, కంటికి కనబడడనీ, ఆయన కూర్చోవడానికి బెంచీ మీద కొంచెం జాగా వదలాలనీ కూడా చెప్పింది. తమిళంలో కావల్ దూదర్. చర్చికి పోయే ఇళ్ళ పిల్లలు ఈ మాట ముందే విన్నారు, మరిచిపోయారు. మా పాప కొత్తగా విన్నది. గట్టిగా పట్టుకుంది.

ఇంట్లో చాప మీద సగం వదిలి కూర్చునేది. మా అమ్మకు అది వింత.

"ఆయప్ప ఏం తింటాడే? రాగిముద్ద తింటాడా?"

"తినడవ్వా. ఏమీ మాట్లాడడు. ఊరికే కూర్చోనుంటాడు."

"మీ నాయన మాదిరే," అంది మా అమ్మ.

వాన రోజుల్లో బైకు వద్దని బస్సులో వెళ్ళేవాళ్ళం. పాప సీటు అంచున వేలాడుతూ కూర్చుని పక్కన జాగా వదిలేది. ఒకరోజు కృష్ణగిరి అవతల పోచంపల్లి సంతకు టమాటా గంప తీసుకుపోతున్న ఆవిడ ఆ జాగాలో కూలబడింది. పాప నోరు విప్పలేదు, కృష్ణగిరి వచ్చేదాకా కళ్ళనీళ్ళు కార్చింది. "ఏందప్పా, నేను గిల్లినానా నీ బిడ్డను?" అని ఆవిడ బస్సులో అందరికీ వినబడేట్టు నన్ను అడిగింది. దేవదూత సంగతి నేను ఆవిడకు ఎట్లా చెప్పేది?

ఇంకొకటి. బడి ఆవరణలో మరియమ్మ విగ్రహం ఉంది. ప్రార్థనకు నిలబడమంటే మా పాపా, మా వైపు పల్లెల పిల్లలు ఇంకొందరూ, వినాయకుడికి తీసినట్టు చెవులు పట్టుకొని గుంజీళ్ళు తీశారట. హెడ్ సిస్టర్ అడ్డుకోబోయింది. "తియ్యనీ, ఒంటికి మంచిది. ఆ తల్లి ఏమీ అనుకోదు," అన్నదట మా సిస్టరమ్మ. నాకు ఈ సంగతి తెలిసి, ఏ బడిలో చేర్చాన్రా దేవుడా అనుకున్నాను.

ఒకరోజు ఆపుకోలేక అడిగేశాను. "రాయడం యెప్పుడు నేర్పిస్తారు సిస్టరమ్మా? మా పక్కింటి పిల్లోడు వేరే బడిలో నూరు దాకా రాస్తాండాడు."

"మంచిది. వానికి కూర్చోవడం వచ్చినాదా?"

"కూర్చోవడానికి బడి యాలమ్మా?"

"నిన్ను చూస్తే తెల్స్తాంది యాలనో. ఈడికి వచ్చినప్పటినుంచి ఒక కాలి మీదే నిలబడినావు, పారిపోయేవాని మాదిరి."

దీపావళికి ముందు హెడ్ సిస్టర్ నన్ను ఆఫీసుకు పిలిపించింది. మర్యాదగానే చెప్పింది. జూన్ నుంచి పాప క్లాసులో ఒక్క మాట మాట్లాడలేదు. అర్ధసంవత్సర పరీక్షలో నోటి పరీక్ష ఉంటుంది. అందులో కూడా నోరు విప్పకపోతే వచ్చే ఏడు మళ్ళీ ఒకటో క్లాసే, లేదంటే ఇట్లాంటి పిల్లలను చూసుకునే బడి వేరే వెతుక్కోమంది. ఇట్లాంటి పిల్లలు అన్న మాట దగ్గర నాకు కిరాణా కొట్టు గుర్తొచ్చింది.

నేరుగా ఒకటో క్లాసుకు వెళ్ళాను. సిస్టరమ్మ నేల మీద కూర్చుని ఒక పిల్లకు బూటు లేసు కట్టడం చూపిస్తోంది.

"ఇంట్లో వాగుతానే ఉంటాది సిస్టరమ్మా. మీరు కొంచెం గట్టిగా అడగండి. రెండు దెబ్బలు వేసినా నేనేమీ అనుకోను."

"కొడితే ఏడుపు వస్తాది. మాట రాదు," అంది, లేసు వదలకుండానే. "బిడ్డ నోట్లో మాట ఉండాది. రానీ."

"పరీక్ష వస్తాండాది."

"పరీక్షనూ రానీ."

"మళ్ళీ ఒకటో క్లాసు అంటాండారు. ఊర్లో అందరూ మూగది అంటారు. పెద్దయినాక కూడా అదే పేరు ఉండిపోతాది. మీకేమి, ఇంకో బ్యాచి వస్తాది!" నేను అంత గట్టిగా మాట్లాడటం నాకే కొత్త. పిల్లలందరూ నావైపు చూశారు.

ఆమె కోపగించుకోలేదు. అది ఇంకా విసుగు. "పక్కన పిల్లోళ్ళు ఉండారు, మెల్లగా చెప్పు. నేను ఈడే ఉండాను కదా," అంది. ఆ తర్వాత నన్ను వదిలేసి లేసు సంగతి చూసుకుంది. వెనక్కి వచ్చేటప్పుడు హోసూరులో ఉన్న రెండు బడుల పేర్లు మనసులో అనుకున్నాను. జనవరిలో మార్చేద్దామని నా భార్యకు కూడా చెప్పాను.

నోటి పరీక్ష రోజు నేను షాపులో కాయిల్ చుడుతున్నాను. ఫోన్ మోగింది. సిస్టరమ్మ. నవ్వుతోందో దగ్గుతోందో మొదట తెలియలేదు.

"అప్పా, నీ బిడ్డ మాట్లాడింది. ఫాదర్‌ను లెయ్యమనింది."

చుట్ల లెక్క తప్పింది. "ఏమనింది?"

విషయం ఇది. బడి బాగోగులు చూసే ఫాదర్ పిల్లల పరీక్ష చూడటానికి వచ్చారు. భారీ మనిషి. కుర్చీ తెచ్చేలోపల దగ్గర్లో ఉన్న బెంచీ చివర కూర్చున్నారు. అది మా పాప బెంచీ. కూర్చున్నది మా పాప వదిలిన జాగాలో. పాప కాసేపు చూసింది. మొహం ఎర్రబడింది. తర్వాత క్లాసంతా వినేట్టు తెలుగులో అరిచింది: "లెయ్యప్పా! ఆడ మా దూదర్ కూర్చోనుండాడు! నలిగిపోతాడు!"

ఫాదర్‌కు తెలుగు రాదు. పాప ఏమందని అడిగారు. ఇంకొకరైతే ఏదో సర్దిచెప్పేవారు. సిస్టరమ్మ ఉన్నది ఉన్నట్టు తమిళంలో చెప్పింది. ఫాదర్ లేచారు. వెనక్కి తిరిగి ఖాళీ బెంచీకి చేతులు జోడించి, మన్నించమని అడిగారు. పరీక్ష అయ్యేదాకా గోడ పక్కన నిలబడే ఉన్నారు.

"ఫాదర్‌ను లెయ్యమంటే మీరు నవ్వుతాండారా?" అన్నాను నేను.

"లేసినాడు కదప్పా. ఇంకేమి?"

హెడ్ సిస్టర్ ఊరుకోలేదట. ప్రశ్న అడిగితే చెప్పిన జవాబు కాదు కదా అని పట్టుబట్టిందట. "ఫాదర్ కూర్చున్నదే ప్రశ్న. బిడ్డ జవాబు చెప్పింది," అన్నదట సిస్టరమ్మ. ఇద్దరికీ చాలాసేపు వాదన నడిచిందని వాచ్‌మన్ తర్వాత చెప్పాడు. ఆమె ఆఫీసులోంచి బయటికి వచ్చేసరికి మా పాపకు రెండో తరగతి ఖాయమైంది.

మరుసటి పొద్దున గేటు దగ్గర పాప వణక్కం చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. ఫాదర్ మళ్ళీ వస్తాడా, ఆయనకు దూదర్ ఉన్నాడా, ఉంటే అంత లావుగా ఉంటాడా అని అడగడం మొదలుపెట్టింది. వెనక హారన్లు. సిస్టరమ్మ ఒక్కొక్కదానికీ జవాబు చెప్పి, నావైపు తిరిగింది. "ఇంక నా పని అయిపోయింది. వినే పని నీది."

సరే అన్నాను. ఏం చేయను?

ఆమెకు థాంక్స్ చెప్పింది ఎప్పుడని అడగకండి. నాకు అట్లాంటివి చేతకావు. ఫ్యాన్లు బాగుచేసి పెట్టాను, ఇస్త్రీపెట్టె చేసిపెట్టాను. కాఫీ ఇచ్చిన ఆ ఆదివారం ఆమె మెట్టు మీద కూర్చుని ఊపిరి గట్టిగా తీస్తోంది.

"ఎట్లుండావప్పా?"

"బేరింగు పోయినట్టుంది సిస్టరమ్మా."

"మోటారు కాదు. నువ్వు."

బాగున్నాను అన్నాను. ఆమె ఇంకాసేపు నావైపే చూసింది. నేను ఇంకేమైనా చెప్పి ఉండాల్సింది. నేను కాఫీ గ్లాసు కడిగి బోర్లించి వచ్చేశాను.

సాయంత్రం పాపను తీసుకొని భూస్థాపనకు వెళ్ళాను. సిస్టర్ల తోటలోనే గుంత తవ్వారు. తుంపర ఆగలేదు. మైకులో ఒకాయన ఆమెను కొవ్వొత్తితో పోల్చాడు, ఇంకొకాయనదీ అదే కొవ్వొత్తి. ఆమె ఉండి ఉంటే, మెల్లగా చెప్పు, పిల్లోళ్ళు నిలబడి ఉండారు అనేది. ఒకటో క్లాసు పిల్లలు వరుసలో వచ్చి తలా ఒక గుప్పెడు మట్టి వేశారు. ఒకరినొకరు తోసుకోలేదు. ఒక పిల్ల చేతికి బురద అంటుకుంటే వెనకున్న పిల్ల తన కర్చీఫు ఇచ్చింది. ఎవరూ చెప్పలేదు. ఫాదర్ ఇప్పుడు ముసలాయన, కర్ర పట్టుకొని చివరిదాకా నిలబడే ఉన్నారు.

ఇంటికి వచ్చాం. ఈ మధ్య మా అమ్మకు చెవులు సరిగా వినబడవు. రాలేకపోయానని ఆమెకు బాధ. పాప తడిసిన జుట్టు తుడుచుకోకుండా వాకిట్లో అవ్వ ముందు కూర్చుని, వీధి చివరిదాకా వినబడేట్టు అన్నీ చెప్తోంది. గుంత ఎంత లోతు, పెట్టె మీద ఏ పూలు, ఎవరు ఏడ్చారు, ఎవరు ఏడ్చినట్టు నటించారు. ఎదురింటివాళ్ళు కూడా బయటికి వచ్చి వింటున్నారు. కాస్త మెల్లగా చెప్పమని అందామని లేచి, మళ్ళీ కూర్చున్నాను.

"ఇంకోసారి చెప్పే, వినబడల్యా," అంటోంది మా అమ్మ. పాప మొదటినుంచీ మొదలుపెట్టింది.

నేను ఈ రోజు పనులు రాసుకుంటున్నాను. రైతు బోరు మోటారు, కాయిల్ చుట్టడం అయింది, ఇంకా ఆరలేదు. టేబుల్ ఫ్యాను ఒకటి, బుష్ మార్చాలి. మిక్సీ ఒకటి. బడి నీళ్ళ మోటారు, బేరింగు, అక్కడికే వెళ్ళి చేయాలి.