తాడుకు తాళం

మొన్న తుఫాను హెచ్చరిక నా ఫోనుకే వచ్చింది. చదివి బల్ల మీద బోర్లించి పెట్టాను. తుఫాను సంగతి ఇంకొకరు చెబితే వినడం నాకిప్పటికీ చిరాకే.

అరవై ఏళ్ల కిందట ఇందుకూరుపేటకు తూర్పున, ఒక చిన్న రేవు ఆఫీసులో నాది బుట్ట ఎక్కించే ఉద్యోగం. తుఫాను వస్తోందని తంతి రాగానే నల్లరంగు పూసిన వెదురుబుట్టను జెండాకొయ్య మీదికి లాగాలి. అది కనబడితే తెప్పలు కదలవు. ఒక ఏడాది తంతి రాకముందే, సముద్రం తీరు చూసి నేనే ఎక్కించేశాను. ఆ తుఫాను దారి మళ్లి ఎటో పోయింది. తెప్పలు రెండు రోజులు ఒడ్డునే పడి ఉన్నాయి. ఆఫీసరుగారు పల్లె మొత్తం ముందు నన్ను నిలబెట్టి, "చూసేది నీ పని కాదయ్యా, లాగేది నీ పని" అన్నారు. మర్నాడు తాడుకు తాళం పడింది. తాళంచెవి ఆయన జేబులోకి పోయింది. నేను ఆయన మీద పై ఆఫీసుకు అర్జీ మీద అర్జీ పెట్టాను. ఒకదాన్ని అక్షరదోషాలు దిద్ది తిప్పి పంపారు. ఆ ఎర్రసిరా ఇంకా నా కళ్లలోనే ఉంది. అప్పటినుంచి సముద్రాన్ని చూసినా చూడనట్టే ఉండేవాణ్ణి.

మరుసటి కార్తీకంలో ఒకనాడు తెల్లవారుతుండగా చూడక తప్పలేదు. ఆకు కదలడం లేదు. అలలు మాత్రం చాలాసేపటికొకటి, బరువుగా, ఆగ్నేయం నుంచి వస్తున్నాయి. ఎర్రపీతలు ఇసుక వదిలి ఆఫీసు మెట్లెక్కి కూర్చున్నాయి. అన్నీ తుఫాను గుర్తులే. తన తమ్ముడితో కలిసి తెప్ప తోస్తున్న మా అక్క మొగుడు కేకేశాడు.

"ఏంది బామ్మర్దీ, బుట్ట ఎక్కలా. పోవచ్చునా?"

"నన్నడిగితే నాకేం తెలుసు బావా? ఆఫీసరుగారు లేచినాక అడుగు. నేను తాడు లాగేవాణ్ణి."

"అబ్బో, తాడుక్కూడా రోషం వచ్చినాదిరా!"

నవ్వి, కాసేపు నా ముఖంలోకే చూశాడు. నేను పీతల్ని చూస్తూ నిలబడ్డాను. పోవద్దు అనడానికి నాకు ఏ తాళంచెవీ అక్కర్లేదు. కానీ తంతి వచ్చేదాకా ఆగితే సముద్రం ఏం చేస్తుందో ఆఫీసరుగారు కళ్లారా చూడాలని ఉండింది.

తంతి పది గంటలకు వచ్చింది. ఆఫీసరుగారు పరుగున వచ్చి తాళం తీశారు. బుట్ట నేనే లాగాను. చూడవలసినవాళ్లు అప్పటికే కనుచూపు దాటిపోయారు.

మూడో రోజు బావ శ్రీహరికోట వైపు ఒడ్డుకు కొట్టుకొచ్చాడు, ప్రాణంతో. అతని తమ్ముడు రాలేదు.

ఆ వారమే ఆఫీసరుగారి మీద ఇంకో అర్జీ మొదలుపెట్టాను. ఆనాటి పొద్దున జరిగింది వరుసగా రాస్తూ, బావ అడిగిన మాట దగ్గర ఆగిపోయాను. ఆఫీసరుగారు పోయారు, బావా పోయాడు. ఏళ్లన్నీ నన్ను దాటి ముందుకు వెళ్లిపోయాయి. నేనింకా ఆ వాక్యం దగ్గరే ఉన్నాను.