నల్లగుడ్డకు నా కాపలా

సుబేదారిలో మా గల్లీ మలుపున ఉన్న పళ్ల దవాఖానలో, పీకిన పళ్లన్నీ అద్దాల తొట్టిలో నానబెట్టి నల్లగుడ్డ కప్పి దాచారని ఒక పుకారు నడుస్తోంది. మొన్న కేసముద్రం నుంచి మా ఆడబిడ్డ వరలక్ష్మి ఫోన్ చేసి నిజమేనా అని నన్నే అడిగింది. ఆ పళ్లతోనే కట్టుడు పళ్లు చేసి అమ్ముతున్నారని కూడా అక్కడ కలిపారట. అందరికీ కలిపి చెబుతున్నాను, ఆ తొట్టిలో ఉన్నవి చేపలు, నీటిమొక్కలు. ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, ఆ పుకారు పుట్టినప్పుడు తొట్టి పక్క బెంచీ మీద కూర్చున్నది నేనే.

తొట్టిని చూసుకునేది హెప్సిబా. డోర్నకల్ పిల్ల. వాళ్ల నాన్న రైలు పట్టాల మీద పనిచేసి రిటైరయ్యాడు. ఈమె ఇంటర్ అయ్యాక కొన్నాళ్లు కుట్టుపని, కొన్నాళ్లు బట్టల దుకాణం చూసి, చివరికి మా దవాఖానలో చీటీలు రాసే పనికి కుదిరింది. పేర్లు పిలుస్తుంది, పన్ను పీకేటప్పుడు భయపడేవాళ్ల చెయ్యి పట్టుకుంటుంది. పొద్దుపోక నేను రోజూ అక్కడికే పోయి కూర్చుంటాను. పెళ్లి గురించి, జీతం గురించి, చర్చిలో ఎవరి పక్కన కూర్చుంటుందన్న దాని గురించి నేను ఆమెను అడగని ప్రశ్న లేదు. ఆమె జవాబు చెప్పిన ప్రశ్న కూడా లేదు. “చీటీ తీస్కోని కూసో పెద్దమ్మా” అంటుంది, అంతే.

ఆ తొట్టి డాక్టర్ హరీశ్ సారు సరదాపడి కొన్నది. సరదా ఆయనకు తీరిపోయింది, హెప్సిబాకు అంటుకుంది. ఒక్క రెమ్మ గుచ్చి తోటంత చేసింది. ఈ ఎండాకాలం ఆ తోటకు నాచు పట్టింది. అద్దం మీద పచ్చగా, ఆకుల మీద వెంట్రుకల్లా పేరుకుని, చేపలు ఉన్నాయో లేవో తెలియకుండా పోయింది.

“ఇగ నాతోని కాదు. సోమవారం టీవీ బిగించేటాయన వస్తాండు. అప్పటిదాక సాఫ్ కాకుంటే ఈడ టీవీ పెట్టిస్త, దీన్ని పాత సామాన్లాయనకు ఇచ్చేయి” అన్నాడు సారు.

హెప్సిబా ఉండేది ఒక్క గదిలో. పక్క పరిస్తే తలుపు తెరుచుకోదు. ఇక తొట్టి ఎక్కడ పెట్టుకుంటుంది?

మర్నాడు నేను వెళ్లేసరికి టూత్‌బ్రష్‌తో ఒక్కో ఆకూ రుద్దుతోంది.

“చాపలకు పండ్లు తోముతానవా బిడ్డా?” అన్నాను. నవ్వలేదు. సంగతి పెద్దదేనని అప్పుడు అర్థమైంది. మూడో తరగతి పాసైనదాన్ని, ఊరుకుంటానా? సలహా ఇచ్చాను.

“జర పటిక వెయ్యి. మా బాయి నీళ్లు గట్లనే తేరినయి.”

“మీ బాయిల చాపలున్నయా పెద్దమ్మా?”

“లేవు.”

“గందుకే.”

నాచుకు బలం ఎక్కడిదో ఆమె అప్పటికే పట్టేసింది. కిటికీలోంచి ఎండ నేరుగా తొట్టి మీద పడుతోంది. పైనున్న లైటు దవాఖాన తెరిచింది మొదలు మూసేదాకా వెలుగుతోంది. పన్ను నొప్పితో వచ్చినవాళ్లు తాము నమలలేని బిస్కెట్లన్నీ పుణ్యమని చేపలకు వేస్తున్నారు. తిన్నంత తినగా మిగిలింది కుళ్లి నాచుకు ఎరువవుతోంది. నా సకినాల పొడి కూడా అందులో ఉందని ఆమె అనలేదు, నేనూ అడగలేదు.

నీళ్లు సగం తోడి, ఇద్దరం కలిసి తొట్టిని ఎండ పడని గోడవైపుకు జరిపాం. నా నడుము పట్టేసింది. తర్వాత లైటు ఆపేసి, తొట్టి చుట్టూ నల్లగుడ్డ చుట్టింది. సోమవారం దాకా వెలుగు లేదు, మేత లేదు. మొక్కలు, చేపలు ఓర్చుకుంటాయి, నాచు ఓర్చుకోలేదు.

“ఎవరన్న గుడ్డ లేపిన్రనుకో, పనంత ఖరాబైతది. నువ్వు ఈడ కూసో పెద్దమ్మా.”

“నేనే ఎందుకు?”

“ఎవరికి తొంగిచూడ బుద్దైతదో నీకు ఎర్కైనట్టు ఇంకెవరికి ఎర్క?”

పొగడ్త అనుకుని పొంగిపోయాను. ఇంటికి వచ్చి అన్నం కలుపుకుంటుంటే గానీ అది పొగడ్త కాదని తట్టలేదు.

కాపలా కాయడం మాటలు కాదు. వచ్చినవాళ్ల చేతులు ఆపడం సులువే, నా చెయ్యే గుడ్డ అంచు దగ్గరికి పోతోంది. చివరికి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. పేషెంటును కానిదాన్ని రోజూ ఎందుకు కూర్చున్నానని సారు అడిగితే, పన్ను నొప్పి అన్నాను. నోరు తెరవమన్నాడు. లేని నొప్పి చెప్పబోతే ఉన్న పుచ్చు బయటపడింది. పీకేశాడు.

దూది కరుచుకుని మళ్లీ వచ్చి బెంచీ మీద కూర్చున్నానో లేదో, మా వెనకింటి అనసూయ వచ్చి గుడ్డ మీద చెయ్యేసింది.

“ఇందుల ఏమున్నది భాగ్యక్కా?”

నిజం చెబితే ఏదీ చూద్దామంటుంది. నాకు తెలుసు, ఆమె స్థానంలో ఉంటే నేనూ అంతే. అందుకని దూది పక్కకు నెట్టి, “పీకిన పండ్లు నానవెట్టిన్రు. నాదిగూడ ఇప్పుడే ఏసిన్రు” అన్నాను.

చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత తొట్టి జోలికి ఒక్కరు కూడా రాలేదు. దవాఖానకూ కొందరు రాలేదని తర్వాత తెలిసింది.

సోమవారం పొద్దున గుడ్డ తీశాం. మొక్కలు కాస్త పాలిపోయాయి. నాచు చచ్చి, బూడిదరంగుకు తిరిగి ఊడివస్తోంది. హెప్సిబా దాన్ని తోడేసి కొత్తనీళ్లు పోసేసరికి చేపల వెనుక గోడ మీది సున్నం పెచ్చు కూడా కనిపించింది. సారు వంగి చూశాడు. టీవీ బిగించే మనిషి డ్రిల్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“పైన మా ఇంట్ల బిగించు పో” అన్నాడు సారు అతనితో.

హెప్సిబా మొహం తిప్పుకుంది. కొంగుతో ఏం తుడుచుకుందో నాకు కనబడలేదు, ఎంత వంగినా. ఒక పన్ను పోగొట్టుకున్నదాన్ని, ఈసారి జవాబు రావలసిందేనని ఎదురుగా నిలబడి సూటిగా అడిగాను.

“నిజం చెప్పు బిడ్డా. ఇంటికి తీస్కపోతందుకు లేదు, సారు జీతం పెంచేది లేదు. గీ తొట్టి కోసం ఎందుకింత గోసపడ్డవు?”

“టీవీ పెడితే పొద్దంత అదొకటి మాట్లాడుతది, నువ్వొకదానివి మాట్లాడుతవు. ఇద్దర్ని ఆపుడు నాతోని కాదు పెద్దమ్మా. చాపలన్న సప్పుడు చెయ్యయి.”