పాపారావు అడ్డంపెట్టిన చెయ్యి

మలికిపురం చుట్టుపక్కల తోటల్లో పాపారావు ఎక్కని కొబ్బరిచెట్టు లేదు. నలభై ఏళ్లుగా కాయలు దింపడమే అతని పని. సరదా మనిషే గానీ, ఒక్క ప్రశ్నకి మాత్రం నీళ్లు నమిలేవాడు: "మీ జెస్సీ బెంగుళూరులో ఏం చేత్తందండీ?"

కూతురి పనేమిటో చెప్పలేని తండ్రికి ఎంత నామోషీ! ఆదివారం ఆదివారం చర్చి మెట్ల మీద అదే ప్రశ్న. తాడు ఒరిపిడికి కాయలు కాసిన చేతుల్ని తువ్వాలు కింద దాచుకుని తప్పించుకునేవాడు. కూతురు ఫోనులో ఎంత చెప్పినా 'అద్దం' అన్న మాటొక్కటే అతని చెవిన నిలిచింది. ఉండబట్టలేక ఒకరోజు, "అద్దాలు బాగుచేత్తాదండి" అనేశాడు. ఇంకేముంది, చర్చికొచ్చే మార్తమ్మ పుల్ల విరిగిన కళ్లజోడు తెచ్చి చేతిలో పెట్టింది. నెల తిరిగేసరికి తొమ్మిది పోగయ్యాయి. ఎవరినీ కాదనడం పాపారావుకి చేతకాదు.

సెలవుకి వచ్చిన జెస్సీకి ఆ కళ్లజోళ్లున్న సంచీ అందించాడు. సంగతి విని ఆమె పగలబడి నవ్వింది. తండ్రి ముఖం చూసి ఆపేసింది.

"కొండ మీదుండే పెద్ద టెలిస్కోపుకి కొత్త సామాన్లు చేస్తున్నాం నాన్నా. దూరపు నక్షత్రాల చుట్టూ గ్రహాలు తిరుగుతుంటాయి. వాటిని ఫొటో తియ్యాలి. నక్షత్రం వెలుగు కళ్లలో కొట్టి అవి కనపడవు."

"ఎందుక్కనపడవు? ఎండకెదురుగా గెలలో ముదురుకాయ నేను చూత్తన్నానా లేదా?" పాపారావు పెరట్లో చెట్టు కింద నిలబడి, సూర్యుడికి అడ్డంగా అరచెయ్యి పెట్టాడు. "ఇలాగ."

జెస్సీ కాసేపు ఆ చేతికేసే చూసింది.

"మేమూ అదే చేస్తాం నాన్నా. నక్షత్రానికి అడ్డంగా చిన్న బిళ్ల పెడతాం. గాలికి బొమ్మ చెదిరిపోకుండా అద్దాన్ని క్షణక్షణం వంచుతాం. ఇప్పటికి పెద్ద గ్రహాలే దొరుకుతున్నాయి. మన భూమంత చిన్నది కనపడాలంటే ఆ అడ్డు ఇంకా బాగా కుదరాలి."

ఆ ఆదివారం చర్చిలో అందరి ముందూ సాక్ష్యాలు చెప్పేవేళ పాపారావు లేచాడు. ముందు ఎవరి కళ్లజోడు వాళ్లకి ఇచ్చేశాడు.

"తెలీక తప్పు చెప్పేనండి. మన్నించండి."

"మరి పిల్ల చేసేదేంటి తమ్ముడూ?" అంది మార్తమ్మ.

ఆడవాళ్ల వైపు కూర్చున్న జెస్సీ తలెత్తి చూసింది. పాపారావు తువ్వాలు కిందనుంచి కుడిచెయ్యి తీసి, అందరికీ కనపడేలా పైకెత్తాడు.

"ఇదేనండి, ఆయ్. చుక్కకి అడ్డంపెట్టే చెయ్యి చేత్తంది మా అమ్మాయి."